బరాత్‌లో ముందు నడిచిన బండి

ఆ రోజుల్లో, అంటే తొంభైల నడుమ, మా వంశానికి మిగిలినవి రెండే: ఇంటిపేరు, నిటారు వెన్ను. భూములు కొన్ని చట్టాలకు, కొన్ని వకీళ్ళకు పోయాయి. ఊళ్ళో కోటలాంటి మా గడి కూలిపోయాక అశోక్‌నగర్‌లో ఒక మేడ కింది వాటాలో ఉండేవాళ్ళం. (కిరాయి అనే మాట మా ఇంట్లో ఎవరూ అనేవారు కాదు. "ప్రస్తుతానికి ఇక్కడ దిగాం" అనేవాళ్ళం. ఆ ప్రస్తుతం నా పలక బలపం నాడు మొదలై నాకు ఉద్యోగం వచ్చేదాకా సాగింది.) జీతం చేతికొచ్చిన కొత్తలో, ఎవరో వాడి వదిలేసిన ఎనిమిది వందల సీసీ చిన్న కారు ఒకటి కొన్నాను. నాయనమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "మంచిగున్నది బిడ్డా. పెద్దది ఎప్పుడొస్తది?" అని అడిగింది.

మా మేనత్త భర్తను చాటుగా 'కాంట్రాక్టర్ మామ' అనేవాళ్ళం. చిక్కడపల్లిలో సొంత మేడ, దాని ముందు పడవంత కారు. ఆయన కొడుక్కి పెళ్ళి కుదిరింది. చిక్కడపల్లి ఇంటి నుంచి నారాయణగూడ ఫంక్షన్ హాలు దాకా బరాత్. మా వాళ్ళ బరాత్‌కు ఒక పద్ధతి ఉంది: బ్యాండు వెనక, పెళ్ళికొడుకు గుర్రానికి ముందు, అందరిలోకీ పెద్దావిడ బండి నడవాలి. ఆ పెద్దావిడ మా నాయనమ్మ. అయితే మా ఇంటి పద్ధతి ఇంకొకటి ఉంది: అత్తగారు అల్లుడి బండెక్కి ఊరేగదు. రెండూ కలిపి చూస్తే నా చిన్న కారే దిక్కు.

పెళ్ళి పిలుపులకని నాయనమ్మనూ అత్తయ్యనూ ఎక్కించుకుని కవాడిగూడ దగ్గర ఎత్తు ఎక్కుతుంటే, కారు మొదటి గేరులో బాలింతలా మూలిగింది. వెనకే వస్తున్న మామ పడవ హారన్ కొట్టి మరీ దాటిపోయింది. ఆ సాయంత్రం బంధువులందరి ముందు మామ తీర్పు చెప్పాడు.

"అల్లుడా, నీ డబ్బా దమ్మెంతో చూస్తిమి గద. రేపు బరాత్ల నడిమిట్ల ఆగిందనుకో, ఇజ్జత్ పోతది. దొరసాని అత్తమ్మను నా బండ్ల కూసోమను. ఏమైతది?"

నాయనమ్మ ఆయన వైపు చూడలేదు, నా వైపు చూసింది. "మన బండి లేకుంటే నేను రాను తియ్యి. ఫోటోలు చూస్త," అంది మెల్లగా. ఆ పెళ్ళికి నడిచి మండపం ఎక్కాలని ఆమె రోజూ మోకాళ్ళకు నూనె మర్దన చేయించుకుంటున్న సంగతి నాకు తెలుసు. "మన బండే ముందు నడుస్తది మామా," అన్నాను. అని, గేటు దాటాక భయపడ్డాను.

చిక్కడపల్లి సందులో ఒక మెకానిక్ ఉండేవాడు. చేతికొచ్చిన ప్రతి బండినీ రాకెట్ చేస్తాననేవాడు కనుక అతని పేరే రాకెట్ భాయ్ అయింది. కొత్త ఇంజను నా తాహతుకు మించినదని చెప్పకుండా, "పాతదాని మీద మమకారం" అని చెప్పాను. అతను నా మమకారాన్ని వెంటనే అర్థం చేసుకున్నాడు.

"ఫికర్ చెయ్యకండ్రి సాబ్. ఇంజన్‌ల తాకత్ ఉన్నది. కంపెనీవాళ్ళు గొంతు బిగబట్టిన్రు, అంతే. జర మనం ఇప్పుదాం."

గొంతు విప్పడం మొదలైంది. గాలి వడపోసే డబ్బా పీకేశాడు. పెట్రోలు ఎక్కువ పారేటట్టు కార్బరేటర్‌లో పెద్ద జెట్టు వేశాడు. ఇంజను పైమూతను ముషీరాబాద్‌లో లేత్ మీద గీయించుకొచ్చాడు. సైలెన్సర్ లోపలి సరుకంతా తీసి వట్టి గొట్టం మిగిల్చాడు. బరువు తగ్గాలని స్టెప్నీ, జాకీ, తలుపుల లోపలి అట్టలు కూడా విప్పించాడు. (నన్ను కూడా ఎగాదిగా చూశాడు గానీ ఏమీ అనలేదు.) మర్నాడు తెల్లవారి ట్యాంక్‌బండ్ వైపు తీసుకెళ్తే, ఆ కవాడిగూడ ఎత్తును కారు మూడో గేరులో ఉరుముతూ ఎక్కింది. ఆర్టీసీ బస్సును దాటినప్పుడు, పోయిన భూముల్లో కొంత వెనక్కి వచ్చినట్టే అనిపించింది. ఒకటే చిన్న చిక్కు: కాలు తీస్తే చాలు ఇంజను ఆగిపోయేది. "రేసు గుర్రం సాబ్, ఉరుకుడే తెలుసు, నిలబడుడు దానికి తెల్వదు," అన్నాడు రాకెట్ భాయ్ గర్వంగా. నేనూ గర్వంగా తలూపాను.

బరాత్ అనేది ఉరకదు, నిలబడుతుందన్న సంగతి మా ఇద్దరికీ తోచలేదు.

పెళ్ళి సాయంత్రం బ్యాండు ముందు కదిలింది. పది అడుగులు నడవడం, ఆగడం, ఓ పాట సాంతం చిందేయడం, మళ్ళీ పది అడుగులు. ఆగినప్పుడల్లా ఇంజను చావకుండా నేను యాక్సిలరేటర్ తొక్కుతుంటే, వెనక గొట్టం ఢామ్మని పేలేది. అది బాణాసంచా అనుకుని కుర్రాళ్ళు ఈలలు వేశారు. "ఇంకోటి పేల్చన్నా!" అని ఒకడు అద్దం దగ్గర అరిచాడు. పెళ్ళికొడుకు గుర్రం మాత్రం బాణాసంచా అనుకోలేదు. అది వెనక్కి నడవసాగింది. కారులో వేడిని చూపే ముల్లు పైకి పాకుతోంది. నాయనమ్మ వెనక సీట్లో చెవులు మూసుకుని, "మంచిగ నడుపుతున్నవు బిడ్డా," అంటోంది. చిక్కడపల్లి కూరగాయల మార్కెట్ దాటామో లేదో, బానెట్ సందుల్లోంచి ఆవిరి బుస్సుమని లేచింది. కారు ఒక్క దగ్గు దగ్గి ప్రాణం విడిచింది.

తాళం తిప్పాను. కిర్రు కిర్రు. గుర్రం వెనక నుంచి కాంట్రాక్టర్ మామ తలపాగా సర్దుకుంటూ వచ్చాడు.

"నేను చెప్పలే? అత్తమ్మా, దిగుండ్రి. నా బండి ముందుకు తెప్పిస్త."

నాయనమ్మ చేయి తలుపు పిడి మీద పడింది. దిగితే ఆమె ఆయన బండి ఎక్కదు, ఆటో ఎక్కి ఇంటికే పోతుంది. అంతలో, బ్యాండు వినపడితే పిలుపు లేకున్నా వచ్చి చిందేసే అశోక్‌నగర్ హాస్టల్ కుర్రాళ్ళు (సర్కారీ ఉద్యోగాల పరీక్షలకు చదివి చదివి చిందు కోసం మొహం వాచినవాళ్ళు) కారును చుట్టుముట్టారు.

"ఏందన్నా, ఆగింది? న్యూట్రల్‌ల పెట్టు. పెద్దమ్మ దిగుడేంది, మేం లేమా? పట్టుండ్రిరా!"

తోశారు. కారు కదిలింది. ఎంత మెత్తగా కదిలిందంటే, ఉరుము లేదు, పేలుడు లేదు, పొగ లేదు. బ్యాండు ఆగితే ఆగింది, నడిస్తే నడిచింది. డప్పు దెబ్బకు సరిగ్గా అడుగేస్తూ కుర్రాళ్ళు తోస్తుంటే గుర్రం కూడా నెమ్మదించి వెంట నడిచింది. నాయనమ్మ చెవుల మీద చేతులు తీసి, అద్దం పూర్తిగా దించింది.

"నా పెండ్లికి మేనా మోసినోళ్ళు గిట్లనే నడిచిన్రు బిడ్డా," అంది. "కని దాంట్ల కుదుపులుండె. ఇది ఇంక నయం."

నారాయణగూడలో హాలు ముందు ఆడపెళ్ళివారు పన్నీరు బుడ్లతో ఎదురొచ్చారు. పెళ్ళికూతురి తాత ఆ దృశ్యాన్ని చూసి చేతులు జోడించి, "మీ ఇండ్లల్ల పెద్దోళ్ళ బండిని మనుషులే నడిపిస్తరా అమ్మా?" అని అడిగాడు. నాయనమ్మ కొంగు సర్దుకుని, "ఔ నాయనా. ఇంజన్లు చప్పుడు చేస్తయని పెద్దోళ్ళకు పెట్టం," అంది. ఆయన మరింత వంగి నమస్కరించాడు. నాయనమ్మ మెట్లెక్కి, తన చేత్తో అక్షింతలు వేసి, ముందు వరుసలో కూర్చుంది. కాంట్రాక్టర్ మామ నా పక్కనే కూలబడి, "బతికినంరా అల్లుడా," అన్నాడు. ఆయనకూ అంతే భయం వేసిందని అప్పుడే తెలిసింది. (ఆ తర్వాత తన కూతురి పెళ్ళిలో ఆయన తన పడవ ఇంజను ఆపించి తోయించాడు. తోసినవాళ్ళు ఇప్పటికీ నడుములు చూపిస్తారు.)

రాకెట్ భాయ్ మర్నాడు ఆత్రంగా అడిగాడు: "ఎట్ల నడిచింది సాబ్?"

"చాలా సాఫీగా. చప్పుడే లేదు," అన్నాను. అతను పొంగిపోయాడు. నేను అబద్ధం చెప్పలేదు.

ఇప్పుడు నా కారుకు కావలసినంత బలముంది. అదే దారిలో ట్రాఫిక్‌లో అది బరాత్ కంటే మెల్లగా నడుస్తుంది. అలా ఇరుక్కున్నప్పుడు అప్పటి నేననే ఆ కుర్రవాడు గుర్తొస్తాడు: ప్రాణం లేని ఇంజను ముందు, చెమట కూడా తుడుచుకోకుండా, రథం తానే నడుపుతున్నట్టు స్టీరింగు పట్టుకున్నవాడు. వాడి చోట ఇప్పుడు నేనుంటే దిగి, హాస్టల్ కుర్రాళ్ళతో కలిసి తోస్తూ నాలుగు చిందులేద్దును. వాడు మాత్రం దిగడు. పోనీలెండి, వాడూ దిగిపోతే మా నాయనమ్మ బండిని హాలు దాకా తిన్నగా పట్టుకొచ్చేదెవరు?