పొయ్యి మీద టీవీ బాక్సు

అరకు స్టేషన్ రోడ్డులో నా టిఫిన్ కొట్టుకీ, కొర్రా ధర్మ రిపేరు కొట్టుకీ మధ్య రేకు గోడ ఒక్కటే అడ్డం. పదకొండేళ్లుగా చూస్తున్నాను, బంగారంలాంటి గుంటడు. పనిమంతుడు. ఒక్కటే రోగం, చచ్చినా 'తప్పు నాది' అనడు. నా మిక్సీ బాగుచేస్తానని కాల్చేసిన రోజు కూడా, "నాదేటి తప్పు వరాలప్పా, నీ పప్పే గట్టిది" అన్నాడు. వాడి నోరు మండ!

వాడి పని టీవీ బాక్సులకి వైద్యం. విశాఖలో జనం వాడి పారేసిన స్ట్రీమింగ్ బాక్సుల్ని గోనెసంచిలో వేసుకుని కిరండూల్ రైల్లో తెస్తాడు. అవి ఇంటర్నెట్ లేనిదే కళ్లు తెరవవు. టీవీకి తగిలించగానే లాగిన్ అవమని మొండికేసి కూర్చుంటాయి. మా కొండలమీద ఒక్క గీత సిగ్నల్ కావాలంటే బండరాయెక్కాలి. అందుకని ధర్మ ముందు వాటిలోని కంపెనీ సాఫ్ట్‌వేర్ పీకేస్తాడు. మెమరీ కార్డులో వేరే సాఫ్ట్‌వేర్ వేసి, దాన్ని బాక్సులో దూర్చి, వెనక కన్నంలోంచి చీపురుపుల్లతో లోపలి బటన్ నొక్కిపట్టి కరెంటిస్తాడు. ఆ పుల్ల నా చీపురులోదే, అడగడు కూడా. ఆ తర్వాత మూత విప్పి, సోలార్ బ్యాటరీమీద నడిచేలా లోపల చిన్న బోర్డు అతికిస్తాడు. వేడెక్కకుండా చిప్పుమీద అల్యూమినియం ముక్క అంటించి, డబ్బా చుట్టూ కన్నాలు పొడుస్తాడు. ఇక పెన్‌డ్రైవ్ గుచ్చితే చాలు, సినిమా ఆడుతుంది.

ఇలాంటి బాక్సు కావాలనే నిర్మల వచ్చింది. పాంగి సుక్రు కూతురు. గొందిపుట్టు నుంచి ప్రతి శుక్రవారం సంతకి అల్లం తెచ్చి అమ్ముతుంది. కుట్టుమిషన్ ఉంది, జాకెట్ల కటింగు నేర్పే వీడియోలు ఇంట్లో చూసుకోవాలని దాని ఆశ. వాటిని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించడానికి మా వాడికి నాలుగు శుక్రవారాలు పట్టింది. పది నిమిషాల పనికి! నేనేమైనా గుడ్డిదాన్నా?

"ఏటిరా, గుంట నచ్చిందా?" అన్నాను.

"నచ్చితే ఏటప్పా, ఆల నాన్న నాగలి పట్టనోడికి పిల్లనివ్వడట."

నేనే వెళ్లి సుక్రుని కదిపాను. మాట తక్కువ మనిషి. పాడేరునించి ఒక జీపు డ్రైవరు సంబంధం వచ్చి ఉందట. చాలాసేపు చుట్ట కాల్చి, "ఈడు సేసిన పెట్టె మా కొండమీద ఒక వానాకాలం నడవనీ తల్లీ. పని తెలిసినోడేనని ఒప్పుకుంటాను. దసరా దాటినాక రండి, మాటాడుకుందాం" అన్నాడు.

ధర్మ ఆ బాక్సుకి నెలరోజులు పనిచేశాడు. అప్పుడే ఇంకో మూడు ఊళ్లకీ మూడు బాక్సులు ఇచ్చాడు. అందరికీ ఒకటే పాఠం చెప్పాడు: వానాకాలంలో వాడనప్పుడు ప్లాస్టిక్ సంచిలో చుట్టి బీరువాలో పెట్టాలి, గాలి తగలకూడదు. నిర్మల ఆషాఢంలో వరి నాట్లకి పోవాలి కాబట్టి మిషనూ బాక్సూ కొన్నాళ్లు పక్కన పెట్టింది.

దసరా వెళ్లిన శుక్రవారం, సంత మంచి జోరుమీదుండగా సుక్రు వచ్చాడు. గుడ్డమూట విప్పి బాక్సు బల్లమీద పెట్టాడు. తెల్ల బాక్సు కాస్తా బొగ్గుముక్కలా ఉంది.

"వెలుగుతాది. రెండు నిమిషాలకి ఆరిపోతాది" అన్నాడు.

"ఎక్కడెట్టినావు దీన్ని?" అన్నాడు ధర్మ.

"పొయ్యిమీది అటకలో. ఇత్తనాలతోపాటే."

మీరు కొండమీద ఇళ్లు చూసి ఉంటే తెలుస్తుంది. పొయ్యికి సరిగ్గా పైన వెదురు అటక ఉంటుంది. మొక్కజొన్న పొత్తులూ, చిక్కుడు గింజలూ, ఇంటికి విలువైనదేదైనా సరే అక్కడే పెడతారు. పొగ తగిలితే పురుగు రాదు, చెమ్మ పట్టదు. సుక్రు లెక్కలో అంతకన్నా పదిలమైన చోటు లేదు. ఆ బాక్సుమీద కూతురి పెళ్లి ఆధారపడి ఉందాయె.

అది మా వాడికి తట్టదే! "టీవీ బాక్సంటే ఎండుసేపేటి, పొగబెట్టడానికి? బుర్రున్నోడెవడైనా పొయ్యిమీద పెడతాడా?" అని అరిచాడు. సంతంతా తిరిగి చూసింది. ఎవరో నవ్వారు కూడా.  సుక్రు బాక్సు అక్కడే వదిలి, గుడ్డ మడిచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది. గరిటె పట్టుకునే బయటికొచ్చి, "ఒరే, పిల్లనివ్వాల్సిన మనిషిని నడిబజార్లో ఎర్రోణ్ణి సేత్తావురా?" అన్నాను.

"పెట్టె సంపేసింది ఆయనైతే నాదేటప్పా తప్పు?"

సాయంత్రం అల్లం బుట్ట ఖాళీ అయ్యాక నిర్మల వచ్చింది. వాడి మొహం చూడలేదు. నాతోనే చెప్పింది. "ఆదివారం పాడేరోల్ని రమ్మంటాడట మా నాన్న. నేనూ కాదనను. మా నాన్నని నలుగుర్లో తిట్టినోడితో ఏటి కాపురం సేస్తాను?" కళ్లనీళ్లు తుడుచుకుని జీపెక్కేసింది.

మర్నాడు పొద్దున్న రేకు గోడ అవతల చప్పుడే లేదు. వెళ్లి చూస్తే ధర్మ బల్లమీద నాలుగు బాక్సులు మూతలు విప్పి పడున్నాయి. మిగతా మూడు ఊళ్లవాళ్లూ ఆ వారంలోనే చెడిపోయాయని తెచ్చి పడేశారట. బీరువాల్లో పెట్టినవి, ప్లాస్టిక్ చుట్టినవి. వాటి బోర్డులు పచ్చగా చిలుం పట్టి, చిప్పుల కాళ్లు తుప్పుతిని ఉన్నాయి. మా లోయ చెమ్మ ప్లాస్టిక్‌లో చిక్కుకుని లోపలే మగ్గింది. సుక్రు బాక్సులో తుప్పు చుక్క లేదు. వీడు పొడిచిన కన్నాల్లో మసి పేరుకుంది, గాలాడక వేడెక్కి ఆరిపోతోంది, అంతే. బ్రష్షుతో దులిపి స్పిరిట్‌తో తుడిస్తే వెలిగింది. గంటసేపు చూశాను, ఆరలేదు.

"మూడు సంపింది నువ్వూ, ఒకటి బతికించింది ఆయనాను" అన్నాను. నాకు జాలి దయ లేవు మరి.

వాడు తల దించుకున్నాడు. బ్రష్షు పక్కన పెట్టి, "అప్పా, నాతో వస్తావా?" అన్నాడు.

ఆదివారం తెల్లారి కొట్టు కట్టేసి బయల్దేరాం. ఆ కొండల్లో పిల్లనడగడానికి వెళ్లేవాళ్లు కల్లుకుండ పట్టుకెళ్తారు. పిల్ల తరఫువాళ్లు తాగితే ఒప్పుకున్నట్టు, ముట్టకపోతే లేచి రావాలి. జీపు దిగాక నాలుగు మైళ్లు కుండ నేనూ, బాక్సు వాడూ మోశాం. నా మోకాళ్లు వాడి వంశాన్నంతా తిట్టాయి.

సుక్రు అరుగుమీద ఉన్నాడు. అతని భార్య రత్న ఎండబోసిన రాగులు తిరగేస్తోంది. నిర్మల గుమ్మంలో నిలబడింది. పాడేరువాళ్లు మధ్యాహ్నానికి వస్తారట. ఊళ్లో పదిమంది మూగారు. మొన్న సంతలో నవ్విన మనిషి కూడా వాళ్లలో ఉన్నాడు.

ధర్మ బాక్సు కింద పెట్టాడు. దాని వైరు సర్దుతూ కూర్చున్నాడు. నేను వీపుమీద ఒక్కటిచ్చాను.

"మావా," అన్నాడు అందరికీ వినపడేట్టు, "తప్పు నాది. నే సెప్పినట్టు దాసినవి మూడూ సచ్చిపోనాయి. నువ్వు దాసిందే బతికింది. నలుగుర్లో నిన్ను అన్నాను, నలుగుర్లోనే సెప్తన్నాను. నాకే బుర్ర లేదు."

నేను కుండ ముందుకి జరిపి ఆకు దొన్నెలో కల్లు పోశాను. సుక్రు దాన్ని చూశాడు, ముట్టలేదు. చుట్ట వెలిగించుకున్నాడు. 

"ఏటే నిర్మలా?" అన్నాడు చివరికి.

"మళ్లీ ఎప్పుడైనా నీమీద అరిస్తే నేనే పుట్టింటికొచ్చేస్తాను నాన్నా" అంది అది, ధర్మ వైపు సూటిగా చూస్తూ. "అరవనంటే సరే."

"అరవను" అన్నాడు ధర్మ.

సుక్రు చుట్ట బూడిద దులిపాడు. "తప్పు నాది అనే మొగోణ్ణి ఈ ఊళ్లో ఇదే సూడ్డం" అన్నాడు మెల్లగా.

"నేనూ ఇదే సూడ్డం, ఇరవయ్యారేళ్లకి" అంది రత్న. లేచొచ్చి, మొగుడి ముందున్న దొన్నె తీసుకుని గటగటా తాగేసింది.

 సుక్రు ఖాళీ దొన్నెనీ, భార్య మొహాన్నీ మార్చి మార్చి చూశాడు.

"ఇంకేటి సేత్తాను," అన్నాడు నావైపు తిరిగి, "నాకూ పొయ్యి తల్లీ."