జున్నుపాలలో గరిటె

పాలు పొంగితే ఇంటికి మంచిదంటారు. నా పాలు పొంగలేదు, విరిగాయి. వాటితోపాటు అత్తగారిగా నా పరువూ విరిగింది. చెబుతాను, నవ్వుకోండి.

మావాడు గల్ఫులో వెల్డింగు పని చేస్తూ, అక్కడి ఆసుపత్రిలో నర్సుగా ఉన్న ఫిలిప్పీన్స్ పిల్ల లీజాని పెళ్లాడి ఉద్దానంలో మా ఇంటికి తీసుకొచ్చాడు. మా ఆయన బతికుంటే తప్పెటగుళ్లు ఆడించేవాడు. పిల్ల బంగారమే గానీ, కోడిపిల్ల గింజలేరినట్టు నాలుగు మెతుకులు తిని లేచిపోయేది. నా ఇంట్లో పస్తులుండి చిక్కిపోతే వాళ్లమ్మకి ఏ ముఖం చూపించను?

ఒకరోజు ఫోనులో వాళ్లమ్మ పాలబిళ్లలు చేస్తుంటే చూసి లీజా కళ్లు తుడుచుకుంది. ఎలా చేస్తారని మావాణ్ణి అడిగాను.

"గేదిపాలల్లో పంచదారేసి దగ్గరయ్యేదాకా తిప్పాల. ఉండలు సేసి కాయితాల్లో సుట్టాల. అంతేనమ్మా."

అంతేనా! పక్కింటి తవిటమ్మ గేదె ముందురోజే ఈనింది. కొత్తకోడలున్న ఇల్లని ముందుగా మాకే చెంబుడు జున్నుపాలు ఇచ్చింది. మామూలు పాలకే అంత రుచి వస్తే జున్నుపాలకి ఇంకెంత రావాలి? నా తెలివికి నేనే దండం పెట్టుకున్నాను.

జున్నుపాలను ఆవిరికి పెట్టి కదపకుండా వదిలేయాలని మా ఊళ్లో పాలు తాగే పిల్లకైనా తెలుసు. నేనేమో గిన్నె పొయ్యిమీద పెట్టి గరిటె తిప్పాను. గడ్డలు కట్టాయి. తిప్పడం చాలలేదేమో అనుకుని ఇంకా తిప్పాను. గడ్డలు ఒకవైపు, నీళ్లు ఒకవైపు, ఆస్తి పంచుకున్న అన్నదమ్ముల్లా విడిపోయాయి.

చెంబు కోసం వచ్చిన తవిటమ్మ గిన్నెలోకి తొంగిచూసింది.

"జున్నుపాలు ఎవులైనా తిప్పుతారేటి వదినా?"

"మా కోడలి దేశంలో ఇలాగే సేత్తారు."

"ఆలేటి సేత్తారో నాకు తెల్దు గానీ, ఇది గోడకి పూత్తే బాగుంటాది."

నేను ఓడతానా? గడ్డల్ని గుడ్డలో పిండి, పలాస జీడిపప్పు పొడి కలిపి, ఉండలు చేసి, పంచదారలో దొర్లించి, రంగు కాగితాల్లో చుట్టాను. చూడడానికి పెళ్లికూతుళ్లే.

లీజా ఒకటి విప్పి నోట్లో వేసుకుంది. నమిలింది. గేదె నెమరేసినట్టు నములుతూనే ఉంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏటమ్మా, బాగులేదా?"

మింగలేక, నవ్వు ఆపుకోలేక, వచ్చిన నాలుగు తెలుగు ముక్కలూ కూడగట్టుకుంది. "అత్తా, ఇది మా అమ్మ బిళ్ల కాదు." నేను తలొంచుకుని పళ్లెం తీయబోతే చేయి పట్టుకుంది. "ఇది మా అత్త బిళ్ల. ఇంకోటియ్యి."

పళ్లెం ఖాళీ చేసింది. ఆ పూట నా పక్కన కూర్చుని చేపల పులుసు అడిగి మరీ వేయించుకుంది. చేయి కడుక్కుంటూ, తవిటమ్మ గేదె మళ్లీ ఎప్పుడు ఈనుతుందని అడిగింది.

రావివలస ఎండల మల్లన్న మీద ఒట్టు, ఈ జన్మలో నేను జున్నుపాలలో గరిటె పెట్టను. ఊళ్లో ఏ గేదె ఈనినా ఆ పాపం ఇప్పుడు మా కోడలే చేస్తోంది. నేను గిన్నె కదలకుండా పట్టుకుంటాను, అంతే.