అడుగున మిగిలిన శేషం

మనుమరాలు లెక్క చూడమని పలక చేతికిచ్చింది. తడి పలక వాసనకు నా చిన్ననాటి బడి యాదికొచ్చింది.

ఆదిలాబాద్ జిల్లాల మా బాపు బొగ్గు బాయిల పనిజేస్తుండె. నేను మూడో తరగతి. ఆ యాడాది గ్రహాలన్నీ ఒక్కచోట చేరి లోకం మునుగుతదని ఊరంతా పరేషాన్.

“భూమి కింద శేషుడు పడగ కదిలిస్తడట బిడ్డా,” అన్నది అవ్వ.

బాపు నవ్విండు. “ఫికర్ జెయ్యకు. లెక్కలు మంచిగ నేర్చుకో, గా గ్రహాల దాంక పోతవు,” అనుకుంట బాయికి పోయిండు.

బడిల సారు భాగారం చెప్పిండు. “అడుగున మిగిలేదే శేషం,” అన్నడు. అవ్వ చెప్పిన శేషుడే అనుకున్న. భూమి అడుగున ఉన్నది మా బాపు. శేషం లేకుంట చేద్దామని ఎన్నిసార్లు తుడిచి చేసినా అది పోలే. అంతల్నే బాయి సైరన్ ఏళగాని ఏళ కూసింది.

మాపటికి బాపు వచ్చిండు. బాపుతోటి బాయిల దిగిన పక్కింటి మల్లయ్య కాక మాత్రం రాలే.

పెద్దయినంక రాకెట్ల దారులు లెక్కగట్టే కొలువు చేసిన. గ్రహాలు ఎవరినీ మింగయని తెలిసింది.

ఇయ్యాల మనుమరాలి పలక అడుగున ఒకటి మిగిలి ఉన్నది. లెక్క సరిగ్గనే చేసింది.

“మీ డాడీ ఇంటికొచ్చిండా బిడ్డా?” అని అడిగిన.