కాపు కట్టిన పిట్ట

మా ఊరికి కొత్త వాత్యారు వచ్చిన నాడే మా అవ్వ ఆయన్ను అనుమానించింది. మా వైపు బడిపంతులును వాత్యారు అంటారు. ఆయన విరుదునగర్ నుంచి కోవిల్‌పట్టి దాకా రైల్లో వచ్చి, అక్కడ పత్తి బండి ఎక్కి మా ఊళ్ళో దిగాడు. వెంట ఒక ట్రంకుపెట్టె, ఒక గొడుగు, నల్ల అట్ట వేసిన పుస్తకం. విరుదునగర్‌లో బళ్ళు లేవా, కోవిల్‌పట్టిలో లేవా, ఈ నల్లరేగడి మధ్యకు ఈయనెందుకు వచ్చినట్టు? "ఊరికే రారు మహానుభావులు" అంటూ అవ్వ వాకిట్లో కూర్చుని, ఆయన పెట్టె లోపలికి చేరేదాకా చూసింది. నాకప్పుడు పదేళ్ళు. అనుమానపడడం నేను ఆమె దగ్గరే నేర్చుకున్నాను, వంట కన్నా ముందే.

ఆమెను తప్పుపట్టలేను. అంతకు రెండేళ్ళ కిందట ఒకాయన ఊళ్ళోకి వచ్చి, పిల్లలకు తలా ఒక బెల్లం ఉండ పెట్టి, జింకలు ఎక్కడ నీళ్ళు తాగుతాయని తియ్యగా అడిగాడు. పిల్లలం కదా, పోటీలు పడి చెప్పాం. వారం తిరక్కుండానే కయత్తారు దారిలో ఒక మోటారు కారు వచ్చింది, నిండా తుపాకులు. ఆ తర్వాత మా చేలలో జింక కంటపడలేదు. ఉండ తిన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. అది చాలా బాగుందని కూడా చెప్పాలి.

అందుకే ఈ వాత్యారు ప్రకృతి పాఠం అని మమ్మల్ని చేల వెంట తిప్పడం మొదలుపెట్టేసరికి ఊరు చెవులు నిక్కించింది. బళ్ళో చదువు తమిళంలో, ఇంట్లో మాట తెలుగులో. ఈ తెలుగు అక్షరాలు నేను పెళ్ళయ్యాక నేర్చుకున్నవి. ఆయనకు తెలుగు రాదు. మేం మాలో మేం ఆయన గురించి ఏమనుకున్నా ఆయనకు తెలిసేది కాదు. పాపం, నవ్వుతూ ఉండేవాడు.

ఆయన పాఠమంతా దాదాపు ఒక్క పిట్ట గురించే. మా వాళ్ళు దాన్ని బట్టమేక అంటారు. పొడుగు మెడ, పొడుగు కాళ్ళు, నా నడుమెత్తు ఉండేది. ఎగరడం కన్నా బీడు గడ్డిలో నడవడమే దానికిష్టం. అది గూడు కట్టదు, నేల మీదే పెడుతుంది, పెట్టేది కూడా ఒక్కటే గుడ్డు అని ఆయన వేలు చూపించి చెప్పేవాడు. ఆ ఒక్కటీ పోతే దాని ఏడాది పోయినట్టే. తన చిన్నప్పుడు వాళ్ళ నాన్న చేలో ఇవి మందగా తిరిగేవట, ఇప్పుడు విరుదునగర్ చుట్టుపక్కల వెతికినా ఒక్క ఈక దొరకదట. గుడ్డు ముట్టుకోకండి, దాని దగ్గరికి వెళ్ళిన దారినే తిరిగి రాకండి, కుక్కను వెంట తీసుకుపోకండి అన్నాడు. ఇంతవరకు బాగానే ఉంది. చివర్లో, ఎవరికైనా కనిపిస్తే ఎక్కడ చూశారో తనకు మాత్రం చెప్పండి అని ఆ నల్ల పుస్తకం తెరిచాడు. ఇక్కడే మాకు బెల్లం ఉండ గుర్తొచ్చింది.

ఇంటికొచ్చి చెబితే అవ్వ చేట పక్కన పెట్టింది. ఆయన మాంసం ముట్టడని ఊరంతటికీ తెలుసు.

"పిట్టకూర తిననోనికి పిట్టలతో ఏం జోలి? ఏమడిగినా తెలీదను, పాపా. చూసినా చూడలేదను."

నిజానికి నేను చూశాను. ఆని మాసంలో, అంటే జ్యేష్ఠంలో, నాయనకు గంజి తీసుకుపోతూ, మా బీడులో రేగుపొద పక్కన దాన్ని చూశాను. నన్ను చూసి లేచింది, నాలుగడుగులు నడిచింది, మళ్ళీ వచ్చి కూర్చుంది. లేచినప్పుడు కింద మట్టిరంగు గుడ్డు కనిపించింది. ఆయన చెప్పినట్టే ఒక్కటి. ఊళ్ళో ఎవరికీ తెలియనిది నాకు తెలిసింది. ఆ క్షణం నుంచి అది నాది. దాని పిల్ల బయటికొచ్చి నడిచేదాకా ఎవరి కన్నూ పడకూడదని పంతం పట్టాను.

ముందు వాత్యారును పరీక్షించాలనుకున్నాను. బట్టమేకను దక్షిణాన తాటిచెట్ల దగ్గర చూశానని చెప్పాను. అక్కడ తొండ తప్ప ఏమీ ఉండదు. ఆయన ముఖం వెలిగిపోయింది. పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. సాయంత్రం గొడుగు వేసుకుని ఒక్కడే అటు వెళ్ళాడు. నేను గట్టు చాటున నక్కి చూశాను. చాలాసేపు నిలబడి, చేతులూపుకుంటూ తిరిగొచ్చాడు. పాపం అనిపించాల్సింది. అనిపించలేదు. కారు వచ్చే దారి చూసుకుని పోయాడనుకున్నాను. అనుమానం పెనుభూతం అని పెద్దలు ఊరికే అనలేదు.

పది రోజులకు నిజంగానే కారు వచ్చింది. తాటిచెట్ల వైపు కాదు, ఉత్తరంగా పోయింది. రెండు కుందేళ్ళు కొట్టుకుని వెళ్ళారని తర్వాత తెలిసింది. ఆ కారుకూ మా వాత్యారుకూ ఏ సంబంధమూ లేదని ఇవాళ చెప్పగలను. ఆనాడు మాత్రం, నేను అబద్ధం చెప్పానని కనిపెట్టి వేరే పిల్లల దగ్గర కూపీ లాగాడనుకున్నాను. ఆయన మంచిగా ఉంటే నటన, మౌనంగా ఉంటే పన్నాగం. అలా చూసేవాళ్ళకు ఎదుటివాడు ఎటూ తప్పించుకోలేడు.

ఇక నా పిట్టను నేనే కాపాడుకోవాలి. నాకు తెలిసిన కాపుదల ఒక్కటే ఉంది.

ఆడి మాసం, అంటే ఆషాఢం, రాగానే మా కులదేవతకు కాపు కడతారు. పసుపు దారానికి వేపరెబ్బ కట్టి దేనికి కడితే అది అమ్మోరిది. దాన్ని ఎవరూ తాకరు. కాపు కట్టిన మేక ఎవరి చేలో పడి మేసినా అదిలించరు. కాపు కట్టిన గుమ్మడికాయను దొంగ కూడా కోయడు. కార్లలో వచ్చే దొరలకు తుపాకులుంటే మాకు అమ్మోరు ఉంది కదా అనుకున్నాను. అవ్వ పసుపు తడిపి ఆరేసిన దారాల్లోంచి ఒకటి తీసి, వేపరెబ్బ చుట్టి, పట్టపగలే బీడుకు పోయి రేగుపొదకు కట్టేశాను. పిట్ట ఈసారి లేవలేదు. మెడ తిప్పి నా వైపు చూసింది, అంతే. అది నన్ను నమ్మిందని పొంగిపోయాను.

ఆడి పండుగకు బడి మూశారు. వాత్యారు విరుదునగర్ వెళ్ళాడు. మగవాళ్ళు ఆనవాయితీ ప్రకారం వేటకు బయలుదేరారు. ఆ రోజు వేటాడి తెచ్చిన ఏదో ఒక ప్రాణి నెత్తురు అమ్మోరి గుడి ముందు పడాలి. పడకపోతే వానలు పడవని మా వాళ్ళ నమ్మకం. మా తాత ముందు నడిచాడు. కుక్కలు, వలలు, దుడ్డుకర్రలు తీసుకుని పొద్దున పోయినవాళ్ళు మధ్యాహ్నమైనా రాలేదు. ఒక్క కుందేలైనా దొరకలేదని కబురు వచ్చింది. ఆడవాళ్ళ ముఖాల్లో భయం. వాత్యారు పిట్ట గురించి చెప్పినట్టే మన చేలలో జంతువులూ అయిపోతున్నాయి కాబోలని అప్పుడు మొదటిసారి అనుకున్నాను.

పొద్దు వాలేముందు డప్పు వినిపించింది. తాత వచ్చాడు. పంచె మీద నెత్తురు, ముఖంలో ఎన్నడూ చూడని సంతోషం. గుడి ముందు దించినదాన్ని చూశాను. పొడుగు మెడ ఒక పక్కకు వాలిపోయి ఉంది. అవ్వకూ, చుట్టూ చేరినవాళ్ళకూ తాత చెబుతున్నాడు:

"అమ్మోరే కాపు కట్టి పెట్టుకొనుండాది. లేకుంటే ఆ బీడులో వేపరెబ్బ ఎవరు కడతారు? చూడు, పిట్ట లేసి కూడా పోలేదు. కొట్టేవరకూ కూచొనే ఉండె."

కాపు కట్టిన మేకను ఎవరూ తాకరు, నిజమే. పండుగ నాడు బలి ఇచ్చేదాకా తాకరు. ఎందుకు తాకరో నాకు తెలియదా? ఏటేటా చూస్తున్నదే కదా. అయినా ఆ దారం కడుతున్నప్పుడు ఒక్కసారైనా తట్టలేదు. తుపాకులవాళ్ళకు కనిపించకుండా చేశాననుకుని మా తాతకే చూపించాను.

గుడ్డు ఏమైందని అడగలేదు. కుక్కలు వెంట ఉన్నాయిగా. రాత్రి కూరలో ఇంటింటికీ వంతు వచ్చింది, నా ఆకులోనూ ఒక ముక్క పడింది. తిన్నాను. తినకపోతే అవ్వ అనుమానిస్తుంది, దారం లెక్క అడుగుతుంది. అంత అసహ్యం నా మీద నాకు మళ్ళీ కలగలేదు.

బడి తెరిచాక, ఒక చిన్నపిల్ల జడలో పొడుగు ఈక పెట్టుకుని వచ్చింది. వాత్యారు దాన్ని చేతిలోకి తీసుకుని, ఎక్కడిదమ్మా అని అడిగాడు. వేట సంగతి ఆయన చెవిన వేయవద్దని ఇళ్ళలో అప్పటికే గట్టిగా చెప్పి ఉంచారు. తలలన్నీ పలకల మీదికి వంగాయి. సాయంత్రం నన్ను ఒక్కదాన్నే ఆపాడు. ముందుగా చూసినదాన్ని నేనే కదా. తాటిచెట్ల దగ్గర నువ్వు చూసినదేనా ఇది అన్నాడు. తల ఊపాను. పుస్తకం నా ముందే తెరిచాడు. నా పేరు పక్కన "ఒకటి" అని ఉంది. చోటు రాయాల్సిన గడి ఖాళీ. పేజీలు తిప్పాడు, అన్ని గడులూ ఖాళీయే.

"చోటు మాత్రం నేనెప్పుడూ రాయనమ్మా. ఈ పుస్తకం ఎవరి చేతిలో పడుతుందో చెప్పలేం కదా" అన్నాడు.

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. చెబితే తాత సంగతి బయటపడుతుంది, ఆ వెనకే నా దారం సంగతి. దక్షిణపు ఊరివాళ్ళు వచ్చి కొట్టుకుపోయారని చెప్పాను. ఎవరు చూశారు, ఎప్పుడు, ఎందరు, ఏమీ అడగలేదు. మా ఊళ్ళో అయితే ఇలాంటి మాటకు పది ప్రశ్నలు పడేవి. ఆయన నమ్మేశాడు.

ఆ ఆదివారం మా కళ్ళంలో జొన్న తూరుస్తున్నప్పుడు, ఆయన గొడుగు వేసుకుని దక్షిణపు బాట పట్టడం చూశాను. నాలుగు మైళ్ళ ఎండ. ఆ ఊరివాళ్ళ ముందు చేతులు కట్టుకుని, వాళ్ళు చేయని పని ఇక మీదట చేయవద్దని బతిమాలుకోవడానికి వెళుతున్నాడు. కేకేస్తే వినపడే దూరంలోనే ఉన్నాడు. నేను చేట వంచి జొన్నలు కిందికి వదులుతూ, ఆయన కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడ్డాను.