పిల్లల వార్డులో చదవని వాక్యం

నంద్యాల కొత్త జిల్లా అయిన మరుసటి ఏడాది మార్చిలో నన్ను అక్కడికి స్టాఫ్ రిపోర్టరుగా వేశారు. రిటైరవడానికి అప్పటికి మూడేళ్లు మిగిలాయి. అంతకుముందు ఎక్కువ కాలం ఆళ్లగడ్డలోనే గడిపాను. మొదట కంట్రిబ్యూటరుగా, అంటే పత్రికకు మండలంలో కళ్లూ చెవులూ అయి ఉండి ఉద్యోగుల జాబితాలో మాత్రం పేరు లేని మనిషిగా. తర్వాత జాబితాలోకి ఎక్కి. నంద్యాలలో నాకు వచ్చిన మొదటి పెద్ద అసైన్‌మెంటు ఊరి శివార్లలో, ఆళ్లగడ్డ రోడ్డు మీద ఉన్న ఒక ట్రస్టు ఆసుపత్రి. అక్కడ పిల్లల వార్డు ఉంది, ఫీజు తీసుకోరు, మందులతో పాటు పిల్లల మనసు కూడా కనిపెట్టుకుంటారు, దాని మీద జిల్లా పేజీకి అర పేజీ కథనం కావాలని కర్నూలులో పేజీలు తయారుచేసే డెస్క్ వాళ్లు అడిగారు.

వార్డులో పన్నెండు మంచాలు. కొందరు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకుని వెళ్లిపోయే తలసేమియా పిల్లలు. ఇంకొందరు కర్నూలులోనో హైదరాబాదులోనో వైద్యం అయిపోయి, ఇక చేయగలిగింది లేదనిపించుకుని వచ్చినవాళ్లు. వీళ్లకు ఇక్కడ నొప్పి తెలియకుండా మందు ఇస్తారు, తిండి పెడతారు, పక్కన కూర్చుంటారు. పక్కన కూర్చునే పని ఆండాళమ్మగారిది. అహోబిలంలో గుడి సేవ చేసే కుటుంబంలో పుట్టి, బడిపంతులమ్మగా రిటైరై, ఆళ్లగడ్డలో ఉంటూ రోజూ పొద్దున్నే బస్సెక్కి వచ్చేవారు. పిల్లలంతా ఆమెను సొంత అవ్వను పిలిచినట్టు జేజీ అని పిలిచేవాళ్లు.

ఆమె పనిచేసే పద్ధతి నాకు మొదట్లో వింతగా తోచింది. పిల్లలు ఏది అడిగినా ఆ రోజే జవాబు చెప్పేవారు. అడగనిది చెప్పేవారు కాదు. అబద్ధం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చెప్పేవారు కాదు. వార్డులో చేరేటప్పుడే తల్లిదండ్రులకు ఈ మూడూ చెప్పి ఒప్పించేవారు.

నేను వెళ్లిన రోజు టిఫిన్లయ్యాక ప్రసన్న అనే పదకొండేళ్ల పిల్ల కిటికీ పక్క మంచం మీద కూర్చుని పత్రిక పైకి చదువుతూ ఉంది. దొర్నిపాడు మండలంలో పాతకాలం నుంచి సేద్యం చేసుకుంటున్న రెడ్ల ఇంటి పిల్ల. రక్త క్యాన్సర్. వార్డుకు పత్రిక చదివి వినిపించే పని ఆండాళమ్మగారు ఆమెకు అప్పగించారు. ఒకటే షరతు: చావు వార్తలు, ప్రమాదాలు వదిలెయ్యాలి. వదిలేసిన చోటల్లా ప్రసన్న "ఈడ ప్రకటన ఉంది" అని తర్వాతి వార్తలోకి పోయేది.

రక్తం ఎక్కించుకుంటున్న పాణ్యం పిల్ల జుబేదాకు ఎనిమిదేళ్లు. నోరు ఊరుకునేది కాదు.

"ఏందక్కా, ఈ పొద్దు పేపరంతా ప్రకటనలేనా? వార్తలు రాసేటోళ్లు నిద్రపోతాండారా?"

ప్రసన్న తల ఎత్తకుండా వేలితో నన్ను చూపించింది. "ఇదో, ఈడనే నిలబడుకోనుండాడు. ఆయన్నే అడుగు."

వార్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ పిల్లే నా కథనానికి మొదటి పేరా అవుతుందని అప్పుడే అనుకున్నాను. విలేకరికి ఆ లెక్క మనిషిని చూస్తుండగానే పడుతుంది. నలభై ఏళ్లలో అలవాటైపోతుంది.

ప్రసన్న తండ్రి చిన్న ఓబుళరెడ్డి బయట కొళాయి దగ్గర గిన్నెలు కడుగుతున్నాడు. తల్లి ఊళ్లో చిన్నవాళ్లను చూసుకుంటుంటే ఆయనే రెండు నెలలుగా ఆసుపత్రిలో ఉంటున్నాడు. ఫోటో తీసుకోవడానికి ఒప్పుకున్నాడు, మొహం కనపడకుండా వీపు వైపు నుంచి తీస్తానంటే. తర్వాత గిన్నె కింద పెట్టి చెప్పాడు.

"పాపకు తెల్దు సార్. రక్తం తక్కువుందని చెప్పినాం. దాని పేరు రాయొద్దు. జబ్బు పేరు అసలే రాయొద్దు."

రాయనని మాటిచ్చాను.

ఆండాళమ్మగారితో మాట్లాడినప్పుడు అసలు సంగతి తెలిసింది. పిల్ల అడగడానికి దగ్గరకొచ్చిందని ఆమెకు అర్థమైంది. వారం రోజులుగా ప్రసన్న పక్క మంచాల వాళ్లు ఎక్కడికి వెళ్లారో అడుగుతోంది. తన సంగతి అడగలేదు. అడిగితే పిల్ల ఆండాళమ్మగారినే అడుగుతుంది; జవాబు మాత్రం తండ్రే చెప్పాలని ఆమె కోరిక. అందుకని రోజూ సాయంత్రం ఓబుళరెడ్డిని కూర్చోబెట్టి ఏ మాటతో మొదలుపెట్టాలో, ఎక్కడ ఆగాలో మాట్లాడుతున్నారు. ముందు ఆయన లేచి వెళ్లిపోయేవాడట. చివరికి, పాప నోరు తెరిచి అడిగితే తనే చెప్తానని ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలు రావడానికి ఆమెకు నెల పట్టింది. పోయే ముందు తండ్రీ కూతురూ ఒకరి దగ్గర ఒకరు దాచుకోకుండా ఉండటం, ఆమె దృష్టిలో నొప్పి మందంత అవసరం.

ఇక్కడ మా వృత్తిలోని ఒక పద్ధతి చెప్పాలి. విలేకరి వార్తతో పాటు డెస్క్‌కు ఒక గమనిక పంపుతాడు. అచ్చుకు కాదు, సబ్ ఎడిటరుకు సంగతి అర్థం కావడానికి. నేను చేరిన రోజుల్లో వార్తలు కాగితం మీద రాసి, కవరులో పెట్టి, కర్నూలు బస్సు డ్రైవరుకు ఇచ్చేవాళ్లం. గమనికను వేరే చీటీ మీద రాసి గుండుసూదితో గుచ్చేవాళ్లం. సబ్ ఎడిటరు చీటీ చదివి, చించి, బుట్టలో పడేసేవాడు. కంప్యూటర్లు వచ్చాక చీటీ పోయింది. గమనిక కూడా వార్త ఉన్న ఫైల్లోనే, పైన నాలుగు లైన్లుగా చేరింది. కాలం మారిందని తెలిసినా, చీటీ రోజుల్లో ఉన్న ధీమా నాకు పోలేదు.

నా వార్తలో జబ్బు పేరు లేదు. పిల్ల పేరు శిరీష అని మార్చాను. పైన గమనికలో మాత్రం రాశాను: రక్త క్యాన్సర్, చివరి దశ, చికిత్స లేదన్నారు, పిల్లకు తెలియదు, వాడొద్దు.

వార్డుకు వెళ్లొచ్చిన మూడో వారంలో కథనం పూర్తిచేసి ఆదివారానికని ఇచ్చాను. బుధవారం పేజీలో ఏదో ఖాళీ పడి దాన్ని ముందుకు లాగారు. డెస్క్‌లో కొత్తగా చేరిన సబ్ ఎడిటరుకు వార్త మొదలు చప్పగా అనిపించింది. గమనికలో బలమైన సమాచారం కనిపించింది. అందులోంచి ఒక వాక్యం చేసి మొదటి పేరాలో కలిపాడు. "వాడొద్దు" అన్నది పిల్ల అసలు పేరు గురించి అనుకున్నాడట.

అతన్ని నేను తప్పుపట్టలేను. పేజీ తయారయ్యాక పీడీఎఫ్ విలేకరి ఫోనుకు వస్తుంది. చూసి సరే అనాలి. నాకూ వచ్చింది. నేను చూసినవి మూడు: శీర్షిక, ఫోటో, ఫోటో కింద నా పేరు. చూసి, సరే అని పంపాను.

మర్నాడు పొద్దున ఆండాళమ్మగారు ఫోను చేశారు. ఆళ్లగడ్డ బస్టాండులో పత్రిక కొని బస్సెక్కాక చదివారు. ఆమె గొంతు మామూలుగానే ఉంది.

"మీ పేపరు చూసినాను. వార్డుకు ఫోను చేస్తే ఎవురూ ఎత్తలేదు. బస్సు ఇప్పుడే శిరివెళ్ల దాటింది. మీరు నా కన్నా దగ్గరుండారు. బేగా పోయి ఆ పేపరు తీసేయండి."

ఎందుకని అడగబోయి నా కాపీ తెరిచాను. మొదటి పేరాలోనే ఉంది: దొర్నిపాడు మండలానికి చెందిన శిరీష (పేరు మార్చాం) రోజూ తోటి పిల్లలకు పత్రిక చదివి వినిపిస్తుంది, రక్త క్యాన్సర్ చివరి దశలో ఉన్న ఈ చిన్నారికి ఇక చికిత్స లేదని వైద్యులు తేల్చారు.

స్కూటరు మీద పది నిమిషాలు పట్టింది. వార్డు గుమ్మంలోకి వెళ్లేసరికి ప్రసన్న ఆ కథనమే చదువుతూ ఉంది. రెండో పేరాలో ఉంది. గొంతులో తేడా ఏమీ లేదు. అక్షరం తడబడలేదు. వంటగది గురించి, బొమ్మల పెట్టె గురించి, జేజీ గురించి నేను రాసినదంతా చదివింది.

జుబేదా అప్పటికి మళ్లీ రక్తానికి వచ్చి ఉంది. "అక్కా, మన ఆసుపత్రి వార్తలో గూడా ప్రకటనేనా?" అంది.

"ఊ. మొదట్లోనే చిన్నది పడింది."

పత్రిక మడిచి దిండు కింద పెట్టింది. అప్పుడు నన్ను చూసింది. దగ్గరికి వెళ్లాను. ఆ పిల్లే చిన్నగా మాట్లాడింది.

"మా నాయన టీ తాగను పోయినాడు. ఇది తీసకపో సార్. నేను చదివినట్ల ఆయనకు చెప్పొద్దు."

చెప్పనన్నాను. ఆ వార్డులో నేనిచ్చిన రెండో మాట అది.

మధ్యాహ్నానికి ఊరి నుంచి ఎవరో ఓబుళరెడ్డికి ఫోను చేసి పేపర్లో పడిందని చెప్పారు. నేను ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాను. వరండాలో ఎదురుపడ్డాడు. అరవలేదు.

"ఏది రాయొద్దన్నానో అదే రాసినావు గదప్పా."

నా వల్లే జరిగిందన్నాను. డెస్క్ గురించి చెప్పలేదు. ఆ మాట ఆయనకు ఎందుకూ పనికిరాదు.

"పాప సూసిందా?"

"పేపరు నేను తీసేసినాను," అన్నాను.

అది నిజమే. ఆయన అడిగినదానికి జవాబు కాదు. అధికారులు మాకు ఇలాంటి జవాబులు ఇస్తుంటారు; మేం వాటిని వెంటనే పసిగడతాం. ఓబుళరెడ్డి విలేకరి కాదు. నమ్మాడు. పిల్ల చదివిన సంగతి అప్పటికే తెలిసిన ఆండాళమ్మగారు పక్కనే ఉండి విన్నారు. ఆయన వెళ్లాక అన్నారు: "మీరు రాసిందాంట్లో అబద్ధం ల్యాదు. అడగకముందే చెప్పినారు, అంతే. ఇంక ఆ పిల్ల అడగదు."

ఆఫీసుకు వెళ్లి, మా పద్ధతి ప్రకారం సవరణ వేయాలని అడిగాను. పత్రికలో తప్పు పడితే మర్నాడు అదే పేజీలో సవరణ వేస్తారు. ఎడిషన్ ఇన్‌ఛార్జి కథనం రెండుసార్లు చదివి, ఇందులో తప్పు ఏ వాక్యంలో ఉందని అడిగాడు. ఊరు సరైనదే. వయసు రాయలేదు. జబ్బు సరైనదే. పేరు మార్చామని కూడా ఉంది. సవరించడానికి ఏమీ దొరకలేదు.

ప్రసన్న ఆ తర్వాత నెల రోజులకు కాస్త తక్కువగా బతికింది. ఆండాళమ్మగారు చెప్పినట్టే ఏమీ అడగలేదు. జేజీయే ఒకరోజు, నాయనతో మాట్లాడతావా అని నేరుగా అడిగితే, "నాయన ఏడుస్తాడు జేజీ" అని గోడ వైపు తిరిగిందట. తండ్రికి మాత్రం ఊరటగా ఉండింది. పాప అడగలేదు కదా, తెలియనప్పుడు నేనెందుకు చెప్పాలి అనేవాడు. పోయి మాట్లాడు నాయనా అని ఆమె రోజూ చెప్పేవారు. పిల్ల చదివిందన్న సంగతి చెప్పడానికి పిల్ల ఒప్పుకోలేదు. ఆయనేమో ఆమెను అడగలేదు. నన్ను నమ్మాడు గనక అడగాల్సిన అవసరం ఆయనకు కనపడలేదు. ఆమె నెల రోజుల పని అక్కడితో ఆగిపోయింది.

చివరి వారంలో పత్రిక చదివే ఓపిక పోయింది. జుబేదా రక్తానికి వచ్చిన రోజు తనే కూడబలుక్కుని చదివింది. మిగతా రోజుల్లో ఆ పని ఎవరూ చేయలేదు.

పిల్ల పోయి రెండు నెలలయ్యాక ఓబుళరెడ్డి మా ఆఫీసుకు వచ్చాడు. ఎరువుల కోసం నంద్యాల వచ్చానన్నాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"ఒక మాట అడిగి పోదామని వచ్చినా. ఆ పొద్దు పాప అది చదివిందా?"

పిల్లకిచ్చిన మాట ఉంది. అది ఆ పిల్ల బతికి ఉన్నన్నాళ్లకు ఇచ్చిన మాట అని నాకు నేను అర్థం చెప్పుకున్నాను. సరైన అర్థమో కాదో ఇప్పటికీ తెలియదు.

"చదివింది," అన్నాను. "ఆ ఒక్క వాక్యం మాత్రం పైకి చదవలేదు. ఈడ ప్రకటన ఉంది అని చెప్పి, తక్కినదంతా చదివింది. మీకు చెప్పొద్దని నన్ను అడిగింది."

ఆయన బల్ల మీదున్న పేపరు మడిచి పక్కకు జరిపాడు.

"ఆ నెలంతా నేను దానికి, నీకు నయమైతానే అహోబిలం పోదాం, తిరణాలకు పోదాం అని చెప్తాంటి. సరే నాయనా, పోదాం నాయనా అంటాండె." మళ్లీ, "ధైర్యం చెప్తాన్నింది అది నాకు సార్, నేను దానికి కాదు," అన్నాడు.

ఎరువుల లారీకి ఆలస్యమవుతుందని వెళ్లిపోయాడు.

రిటైరయ్యేదాకా నేను మళ్లీ డెస్క్ గమనిక రాయలేదు. చెప్పాల్సింది ఉంటే ఫోనులో చెప్పేవాణ్ణి. అచ్చు కాకూడని మాటను కాగితం మీద పెట్టకూడదు. చీటీ రోజుల్లో అలా రాసినా చెల్లింది గనక ఆ సంగతి అప్పుడు నేర్చుకోలేదు. పీడీఎఫ్ వస్తే ముందు మొదటి పేరా చదివి, నా పేరు చివర చూసేవాణ్ణి. పేరు మార్చితే మనిషిని కాపాడినట్టేనని మా వాళ్లు ఇప్పటికీ అనుకుంటారు. పేరు మార్చడం వల్ల తెలియనివాళ్లు ఆ మనిషిని గుర్తుపట్టరు. ఆ మనిషి మాత్రం తనను తాను గుర్తుపడతాడు. నలభై ఏళ్లు నేను పాఠకులకు రాశాననుకున్నాను. ఎవరి గురించి రాశానో వాళ్లను ఆ పాఠకుల్లో లెక్కపెట్టలేదు.