పిడుగు సైరన్ ఆపిన పెనాల్టీ

పాలిటెక్నిక్ కాలేజీల మగపిల్లల ఫుట్‌బాల్ ఛాంపియన్‌షిప్‌కి నన్ను మ్యాచ్ కమిషనర్‌గా వేసింది నేను రిటైరవడానికి కొన్నేళ్ల ముందు. మైదానంలో రిఫరీ మాటే మాట, ఆయన విజిల్ జోలికి నేను పోకూడదు. కానీ వానకో పిడుగుకో ఆట ఆగిపోతే ఎంతసేపు చూడాలి, మళ్లీ మొదలుపెట్టాలా, రద్దు చెయ్యాలా అన్నది కమిషనర్ తేల్చాలి.

అంతకుముందు అదే టోర్నమెంటులో చాలా ఏళ్లు స్కోరు రాశాను. మొదట్లో ఫైనలే లేదు, లీగులో ఎక్కువ పాయింట్లు ఎవరివైతే వాళ్లదే కప్పు. ఫైనల్ పెట్టాక సాయంత్రం వానలతో తలనొప్పి మొదలైంది. మేముండే ఈ దేశంలో పిడుగు సైరన్ మోగితే మైదానంలో మనిషి ఉండకూడదు. ప్రమాదం తప్పిందని మళ్లీ సంకేతం వచ్చేలోగా గ్రౌండ్ బుకింగ్ అయిపోతే కప్పు ఇద్దరికీ పంచేసేవాళ్లు. అలాంటి ఏళ్లకు కప్పు కింది పలక మీద రెండేసి పేర్లుంటాయి. అప్పుడు ఆడినవాళ్లు ఎక్కడైనా కనిపిస్తే, మీరు గెలిచారు కదా అని అడిగేదాన్ని. "ఆ ఏడు వానొచ్చింది మేడమ్" అనేవాళ్లు. గెలిచామని మాత్రం ఒక్కరూ అనలేదు.

నేను కమిషనర్‌గా చూసిన మొదటి ఫైనల్ జురాంగ్ వెస్ట్ మైదానంలో. ఒకవైపు చాలాసార్లు కప్పు కొట్టిన టీము. దాని మేనేజర్ రమేష్ బిషాన్ పేటలో ఉండే బ్యాంకు ఉద్యోగి, చదివిన కాలేజీ మీద అభిమానంతో ఊరికే చేసేవాడు. రెండోవైపు ఎన్నడూ కప్పు ముట్టని కాలేజీ. దాని కెప్టెన్ హఫీజ్. చెరో గోలు అయ్యాయి. ఆట ముగియబోతుండగా రమేష్ టీము డిఫెండర్ పెనాల్టీ బాక్సులో హఫీజ్‌ను పడేశాడు. రిఫరీ పెనాల్టీ ఇచ్చాడు. హఫీజ్ బంతిని గుర్తు మీద పెట్టి వెనక్కి నడుస్తుండగా సైరన్ మోగింది.

అందరినీ షెడ్డు కిందకి తోలుతుంటే హఫీజ్ మళ్లీ లోపలికి పరిగెత్తాడు. బంతి రిఫరీ తీసేసుకున్నాడని, పెనాల్టీ గుర్తు మీద టిష్యూ ప్యాకెట్ పెట్టాడు, తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో బల్ల మీద ఏదో ఒకటి పెట్టి చోప్ చేసినట్టు, అంటే చోటు ఆపుకున్నట్టు.

"ఇలా రా నువ్వు. పిడుగుకు నీ టిష్యూ కనిపించదు," అన్నాను.

"చోప్ చేశాను ఆంటీ. ఆ కిక్కు నాది లా," అన్నాడు, ఇక్కడివాళ్లు మాట చివర తగిలించే ఆ "లా"తో.

షెడ్డు కింద అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు.

వాన ఆగేలా లేదు. కమిటీ చైర్మన్ గొడుగేసుకుని వచ్చి, ముఖ్య అతిథి వెళ్లిపోవాలంటున్నారు, ఎప్పటిలా పంచేద్దామన్నారు. ఆయన వెనకే రమేష్.

"అక్కా, మనం మనం తెలుగువాళ్లం. ఇద్దరికీ కప్పు, ఎవరికీ నొప్పి ఉండదు."

"ఇక్కడ అక్క లేదు రమేష్. కమిషనర్ ఉంది."

"అది కాదక్కా, అవతలివాళ్లకీ మంచిదే కదా."

"నాకు మనవాళ్లూ అవతలివాళ్లూ లేరు. నీ గోల్‌కీపర్ని వార్మప్ చేయించుకో."

చైర్మన్ పై అధికారి. కానీ గ్రౌండ్ బుకింగ్ గడువు ఉన్నంతవరకు ఆట నా చేతిలోదని నిబంధన. గడువు దాటితేనే కప్పు పంచాలి. కాబట్టి గడువు పెంచాలి. మా తర్వాత గ్రౌండ్ బుక్ చేసుకున్నది ఒక వెటరన్స్ టీము, అందరూ బొజ్జలున్న అంకుల్స్. అప్పటికే కిట్లు వేసుకుని వచ్చేశారు. వాళ్ల దగ్గరికెళ్లి, మీ టైములోంచి కొంచెం ఇవ్వండి, ఒక పెనాల్టీ మిగిలిపోయిందని చెప్పాను. పెనాల్టీ అనగానే వాళ్లకు తమ ఆట సంగతే గుర్తులేదు. అందరూ వచ్చి స్టాండులో కూర్చున్నారు.

సంకేతం వచ్చింది. ఇంత సేపయ్యాక ఆ పెనాల్టీ చెల్లదని రమేష్ అభ్యంతరం చెప్పాడు. ఆట ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచే మొదలవుతుంది, ఇచ్చిన పెనాల్టీ అలాగే ఉంటుందని రిఫరీ వివరించాడు. నీళ్లు తుడిచి గుర్తు మళ్లీ గీశారు. హఫీజ్ కొట్టాడు. గోల్‌కీపర్ ఎడమవైపు దూకి ఆపేశాడు. ఆ తర్వాత ఎవరూ గోలు వెయ్యలేదు. విజేతను తేల్చే వరుస పెనాల్టీల్లో రమేష్ టీము గెలిచింది.

నేను రిపోర్టు రాస్తుంటే హఫీజ్ వచ్చాడు. కోపంగా ఉన్నాడు.

"మీరు పంచేసుంటే ఇవాళ మా కాలేజీకి మొదటి కప్పు వచ్చేది ఆంటీ."

"వచ్చేది."

"మరెందుకు పంచలేదు?"

"కిక్కు నాదన్నావు కదా. కొట్టాలనుకున్నావా, దాచుకోవాలనుకున్నావా?"

వాడు బ్యాగు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఇది టైప్ చేస్తున్న నా మనవరాలు దియా కూడా ఇప్పుడు వాడి పక్షమే. "సగం కప్పయినా కప్పే లా అమ్మమ్మా, పాపం," అంటోంది.

తర్వాతి సీజన్ ముందు కెప్టెన్ల సమావేశంలో కొత్త నిబంధన ప్రతిపాదించాను. కప్పు పంచడం ఇక ఉండదు, ఆగిన ఫైనల్‌ను మరో రోజు ఆగిన చోటి నుంచే పూర్తి చెయ్యాలి. ఓటింగు పెట్టారు. ఆ ఏడూ కెప్టెనే అయిన హఫీజ్ అనుకూలంగా చెయ్యి ఎత్తలేదు, వ్యతిరేకంగానూ ఎత్తలేదు. నిబంధన నెగ్గింది, నేను రిటైరయ్యేదాకా అమల్లోనే ఉంది.

ఆట పూర్తయ్యేలా చూడటం వరకే కమిషనర్ పని. పూర్తయితే ఓడేవాడు ఒకడుంటాడు, వాడు మనల్ని తిడతాడు. ఆ తిట్టు భరించలేనివాళ్లు ఆ కుర్చీలో కూర్చోకూడదు.