మూడు సున్నాలు

వీధి మలుపులో తాళాలు బాగుచేసే పెద్దాయన, అంకెల తాళం చేతికి రాగానే ముందు మూడు సున్నాలు తిప్పి చూస్తాడు. లొంగకపోతే పుట్టినరోజులు అడుగుతాడు. అదీ కాకుంటే కొక్కెం లాగిపట్టి, ఏ చక్రం ఎక్కడ బిగుస్తుందో బొటనవేలితో వెతుకుతాడు. ఆ రోజు ఒకావిడ చనిపోయిన భర్త పెట్టె తెచ్చింది. "నా పుట్టినరోజే పెట్టానని చెప్పేవారు బాబాయ్. ఒకటి, ఏడు, నాలుగు. ఎన్నిసార్లు తిప్పినా రావట్లేదు," అంది. పెద్దాయన పెట్టెను తనవైపు జరుపుకుని అలవాటుగా సున్నాలు తిప్పాడు. తాళం ఊడివచ్చింది. కొన్ననాటి అంకెలే, ఆ భర్త మార్చనేలేదు. పెద్దాయన గోడమీది దేవుడి పటం వైపు ఒకసారి చూసి, ఆమెకు కనబడకుండా పుల్లతో లోపలి మీట నొక్కి, ఆమె అంకెలు అమర్చాడు. "మీ అంకెలేనమ్మా. చక్రం తుప్పుపట్టి మొరాయించింది, అంతే." ఆమె తానే తిప్పి చూసుకుంది. తెరుచుకుంది. "ఉత్తపుణ్యానికి ఆయన్ని అనుమానించాను," అంటూ తాళాన్ని గుండెకు అదుముకుని ఏడ్చింది. పెట్టెలో ఏముందో చూడకుండానే వెళ్ళిపోయింది.